రాజ్యాలకు పైన ఏముంది? – హమీదుల్లా గ్రంథాన్ని విద్యార్థి చేతికిచ్చే ముందు

విజయవాడ, బందరు, గుడివాడ కళాశాలల్లో బి.ఏ. విద్యార్థి అంతర్జాతీయ చట్టం చదవ మొదలుపెడితే తొలి పుటల్లోనే హ్యూగో గ్రోషియస్ పేరు ఎదురవుతుంది. 1609లో ఆయన 'మారే లిబెరమ్' అనే చిన్న గ్రంథం ప్రకటించి, సముద్రం ఏ ఒక్క రాజు సొత్తూ కాదని వాదించాడు. ఆ వాదన తూర్పు దేశాలతో వర్తకం చేసే డచ్చి కంపెనీ పక్షాన చేసినది. ఆ కంపెనీ అంతకు మూడేళ్ల ముందే, 1606లో, గోల్కొండ సుల్తాను ముహమ్మద్ కులీ కుతుబ్‌షా ఇచ్చిన ఫర్మానాతో బందరులో కోఠీ పెట్టుకుంది. బందరు విద్యార్థికి మాత్రం ఈ శాస్త్రం ఎక్కడో యూరపులో పుట్టి, ఓడనెక్కి వచ్చినట్టే తోస్తుంది.

ఈ లోపాన్ని సరిదిద్ద పూనుకున్న గ్రంథాల్లో డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా రచించిన 'ముస్లిం కాండక్ట్ ఆఫ్ స్టేట్' ముఖ్యమైనది. 1908లో హైదరాబాదులో జన్మించి, ఉస్మానియాలో చదివి, అక్కడే బోధించిన పండితుడాయన. గ్రీసు, రోముల నుండి ఒక్క గంతులో ఆధునిక యూరపుకు దూకే చరిత్రకారులను ఆయన నిలదీశాడు. నడుమనున్న వెయ్యేళ్లలో ఫిఖహ్ పండితులు 'సియర్' పేరిట యుద్ధాన్నీ, సంధినీ, రాయబారుల రక్షణనూ చర్చించారని సాక్ష్యాలతో చూపాడు. హిజ్రీ 189లో మరణించిన ఇమాం ముహమ్మద్ షైబానీ గ్రోషియస్ కంటే సుమారు ఎనిమిది వందల ఏళ్లు ముందువాడు. శాంతి, శత్రుత్వం, తటస్థత అనే క్రమంలో సాగిన ఈ గ్రంథ ప్రణాళిక నేటికీ ప్రశంసనీయమే.

అయితే, ప్రశంసించి ఊరుకుంటే విద్యార్థికి మేలు జరగదు. సియర్ అనగా ముస్లిం రాజ్యం ఇతర రాజ్యాలతో వ్యవహరించేటప్పుడు తాను పాటించే చట్టమని గ్రంథకర్తే నిర్వచించాడు. అంటే అది రాజ్యం తన మీద తానే వేసుకున్న కట్టు. ఎదుటివాడు చూస్తున్నాడని కాక, అల్లాహ్ ఎదుట జవాబు చెప్పుకోవాలి గనుక మాట నిలుపుకోవడం దాని ఔన్నత్యం. కాని మాట తప్పిన పాలకుణ్ణి పిలిపించి విచారించే న్యాయస్థానం రాజ్యాలకు పైన లేదు. ఈ నిర్వచనాన్ని గమనించక, “ఐక్యరాజ్య సమితి చేసినదంతా మనవాళ్లు ఎప్పుడో చెప్పారు” అని సంతృప్తి పడే పాఠకుడు గ్రంథకర్తకూ అన్యాయం చేస్తాడు, శాస్త్రానికీ అన్యాయం చేస్తాడు.

రాజ్యాల మధ్య చట్టం వేరు, రాజ్యాల పై చట్టం వేరు. మొదటిది ఒప్పందం. రెండవది రాజ్యాలు తమ అధికారంలో కొంత తీసి ఉమ్మడి సంస్థకు అప్పగించడం. యూరపు ఉమ్మడి న్యాయస్థానం 1963లో ఆ చట్టాన్ని సామాన్య పౌరుడు సైతం స్వదేశపు కోర్టులో పట్టుకోవచ్చునన్నది. 1964లో, కరెంటు బిల్లు కట్టనని భీష్మించిన కోస్టా అనే ఇటలీ వకీలు కేసులో, స్వదేశపు చట్టం దానిని తోసిపుచ్చలేదన్నది. 2020లో బ్రిటను ఆ కూటమి నుండి తప్పుకొంది. చేరినవాడు వెళ్లిపోగలిగినంతకాలం ఈ పైచట్టం కూడా సమ్మతి మీదనే నిలుస్తుందన్నమాట.

కృష్ణ నీటితో వరి పండే సీమ విద్యార్థికి ఈ భేదం బోధించడానికి లక్సెంబర్గు దాకా పోనక్కరలేదు. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ 2060 టి.ఎం.సి.ల నీటిని మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800గా పంచింది. ఎగువ రాష్ట్రం తన ఇష్టమే చట్టమనలేదు, దిగువ రాష్ట్రం దానిని వేడుకోనక్కరలేదు. ఇద్దరికీ పైన ఒక తీర్పు ఉంది. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆ 800లో ఎవరిదెంత అనే తగవు మళ్లీ ట్రిబ్యునలు ముందుకే వచ్చింది. పోలిక ఇంతవరకే. ఆ రాష్ట్రాలన్నిటికీ రాజ్యాంగం ఒక్కటే. లోకంలోని రాజ్యాలకు అటువంటి రాజ్యాంగం లేదు. ఈ పోలికనూ దాని హద్దునూ కలిపి చెప్పే అధ్యాపకుడు సగం పాఠం చెప్పినట్టే.

మిగతా సగం హమీదుల్లా జీవితంలోనే ఉంది. 1948లో హైదరాబాదు ఫిర్యాదు భద్రతా సమితికి వెళ్లినప్పుడు ఆయన ఆ ప్రతినిధివర్గంలో ఉన్నాడు. సెప్టెంబరు 16న సమితి ఆ విషయాన్ని చర్చకు తీసుకుంది. 17న హైదరాబాదు లొంగిపోయింది. ఆ తర్వాత ఆయన ఏ దేశపు పౌరసత్వమూ లేకుండా దశాబ్దాలు పారిస్‌లో గడిపి, 2002లో అమెరికాలో కన్నుమూశాడు. రాజ్యాల నడవడిని గ్రంథస్థం చేసినవాడు ఏ రాజ్యానికీ చెందకుండా బతికాడు. రాజ్యం లేని మనిషికి ప్రయాణపత్రమిచ్చి, చదువుకోనిచ్చి, కోర్టు మెట్లెక్కనిచ్చే హక్కులు 1951 శరణార్థుల ఒడంబడికలో ఉన్నాయి. భారతదేశం అందులో చేరలేదు. ఈ విషయమూ విద్యార్థికి తెలియాలి.

కనుక ఈ గ్రంథాన్ని విద్యార్థి చేతిలో తప్పక పెట్టాలి; గతవైభవపు పతకంలా కాక, పూర్తికాని లెక్కలా పెట్టాలి. ఒడంబడికలను నెరవేర్చండన్న ఖుర్ఆన్ ఆజ్ఞ అందులో మొదటి పంక్తి. బలవంతుడు దానిని మీరినప్పుడు బలహీనుడు ఎవరి తలుపు తట్టాలన్నది ఇంకా రాయవలసిన పంక్తి.