రెండోసారి వచ్చే పోలీసు

మా ఉరవకొండ చుట్టుపక్కల పొలాల్లో తరచూ జరిగే దొంగతనం ఒకటుంది. రాత్రిపూట ట్రాన్స్‌ఫార్మర్‌ను స్తంభం మీంచి పడదోసి, ఆయిలు నేలపాలు చేసి, లోపలి రాగి చుట్టలు ఎత్తుకుపోతారు. అది కుదరకపోతే బోరు మోటారు కేబుల్ కోసుకుపోతారు. పేపర్లో జిల్లా పేజీలో రెండు వాక్యాలొస్తాయి. రైతుకు మాత్రం వాన ఎటూ నమ్మకం లేని నేలలో, బోరు నీళ్లు ఆగిపోయిన మిరపచేను కళ్లెదుట ఎండుతూ ఉంటుంది.

ఇలాంటి కేసుల్లో మొదటి రోజుకు లోటుండదు. జీపు వస్తుంది, ఊరంతా గుమిగూడుతుంది, ఫోటోలు తీస్తారు, ఎఫ్ఐఆర్ అవుతుంది. దొంగ దొరికితే ఆఖరి రోజుకూ లోటుండదు. రాగి కుప్ప ముందు పెట్టి, వెనక నిందితులను నిలబెట్టి ప్రెస్ మీట్ పెడతారు. ఈ రెండు రోజుల మధ్య జరిగేదే అసలు దర్యాప్తు. విలేకరులం దాన్ని ‘దర్యాప్తు ముమ్మరం’ అన్న రెండు మాటల్లో తేల్చేస్తాం. మేం అలా రాసే రోజుల్లోనే సాధారణంగా ఆ చేలోకి ఎవరూ తొంగిచూడరు.

తొంగిచూసే మనుషులూ ఉంటారు. ఒక హెడ్ కానిస్టేబుల్ వెంట అలా ఒక పొలానికి వెళ్లాను. కేబుల్ పోయి పది పన్నెండు రోజులైంది. ఆయన మఫ్టీలో, బైకు మీద వచ్చాడు. ‘ఎవరి మీదైనా అనుమానమా?’ అని అడగలేదు. ఆ ప్రశ్న మొదటి రోజే అయిపోయింది, దానికి జవాబుగా పాత గట్టు తగాదాలన్నీ బయటికొచ్చాయి. ఈసారి మోటారు గురించి అడిగాడు. చివరిసారి రిపేరుకు పైకి తీసిందెప్పుడు, తీసిందెవరు, కేబుల్ కొత్తదా, అతుకులదా, అతుకు వేసిన చోట ఏ రంగు టేపు చుట్టారు? రైతు ఒక్కొక్కటే గుర్తు చేసుకుని చెప్పాడు. తర్వాత గట్టు అవతల గొర్రెలు మేపుకుంటున్న మనిషిని పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని బీడీ ఇచ్చాడు.

“వంకలో ఏందో కాల్చినారు సార్. ఆ వాసనకు గొర్రెలు అటుపక్క పోలేదు.”

“మొన్న మా వాళ్లొచ్చినప్పుడు చెప్పింటే అయిపోయేది కదప్పా?”

“మొన్న నన్నెవరడిగినారు సార్?”

వంకలో ఇసుక ఒకచోట నల్లగా మాడి ఉంది. కరిగి ముద్దకట్టిన ప్లాస్టిక్, మధ్యమధ్య వెంట్రుకంత రాగి పోగులు. ఊళ్లో కాలిస్తే వాసన పట్టేస్తారని తొడుగు ఇక్కడే కాల్చి, రాగి మాత్రం పట్టుకుపోయారు. ఆయన వీఆర్వోకు ఫోన్ చేసి రప్పించి, పంచనామా రాసి, ఆ ముద్దలను కవర్లో వేసి సీలు చేశాడు.

టేపు రంగు ఎందుకు అడిగాడో దారిలో చెప్పాడు. కాల్చిన రాగికి ఆనవాలుండదు. గుజిరీ అంగట్లో కుప్పలో కలిసిందంటే ఫలానా రైతుదని ఏ కోర్టూ నమ్మదు. కాల్చకముందు ఒక ముక్క దొరికినా, అతుకు చూపించి రైతు ‘ఇది నాదే’ అనగలగాలి. పైగా ఇక్కడి రాగి గుంతకల్లుకే పోవాలని లేదు. బళ్లారి కూడా పెద్ద దూరమేమీ కాదు. అక్కడ రాష్ట్రం వేరు, పోలీసులు వేరు. తూకం వేసేవాడికి ఆ తేడా పట్టదు.

దొంగ దొరికి ఒప్పుకున్నాడంటే కేసు ముగిసినట్టేనని జనం అనుకుంటారు. కానీ పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యం కాదు. ఈ గీతను దేశమంతటికీ గీసి చూపింది ఒక తెలుగు పల్లె కేసే. గుంటూరు సెషన్స్ కోర్టులో మొదలై, మద్రాసు హైకోర్టు దాటి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లిన పులుకూరి కోటయ్య కేసు అది. ఊరి కక్షల్లో జరిగిన హత్య. 1947 నాటి లా రిపోర్టుల్లో అచ్చయిన ఆ తీర్పును ఇప్పటికీ కోర్టులు ఎత్తిచూపుతుంటాయి. దాని సారం మన కేసుకు అన్వయిస్తే ఇదీ: ‘కేబుల్ నేనే కోశాను, మిగిలిన చుట్ట వంకలో పూడ్చాను’ అని నిందితుడు చెప్పి, అక్కడే చుట్ట దొరికితే, పూడ్చిన చోటు అతనికి తెలుసన్నంత వరకే లెక్కలోకి వస్తుంది. ‘నేనే కోశాను’ అన్నది పోలీసు వేరే దారిలో రుజువు చేసుకోవాలి. కొత్త సాక్ష్య చట్టంలోనూ ఈ సూత్రం అలాగే ఉంది. అందుకే లాఠీతో కేసు త్వరగా తేలుతుందన్న నమ్మకం కోర్టు గడప దగ్గర ఆగిపోతుంది. గొర్రెల కాపరిని వెతుక్కుంటూ రెండోసారి వెళ్లిన కేసుకే అక్కడ బలం.

ఏ రోజు ఎక్కడికి వెళ్లారు, ఎన్ని గంటలకు మొదలుపెట్టి ఎన్ని గంటలకు ముగించారు, ఏం తెలిసింది, ఇవన్నీ కేసు డైరీలో రాయాలని చట్టం. స్టేషన్ భాషలో సీడీ ఫైలు. రైతుకు అది కనబడదు, జడ్జి తెప్పించుకుని చూడొచ్చు. ఏ కేసు కదిలిందో, ఏది అటకెక్కిందో ఆ పేజీలే చెబుతాయి.

మరి అందరూ రెండోసారి ఎందుకు వెళ్లరు? బద్ధకం ఒక్కటే కారణం కాదు. పెన్నహోబిలం బ్రహ్మోత్సవాలకు, ఎన్నికలకు, మంత్రిగారి పర్యటనకు బందోబస్తు చేసేదీ, కేబుల్ దొంగను వెతకాల్సిందీ ఒకే కానిస్టేబుల్. దర్యాప్తును, శాంతిభద్రతలను విడదీయాలని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పది లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాలతో మొదలుపెట్టమంది. ఆ లెక్కన ఉరవకొండ వంతు ఎప్పటికొస్తుందో! కొత్త చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహిత ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి రావాలన్నదీ ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాలకే. మామూలు దొంగతనానికి మూడేళ్లే గరిష్ఠం. అంటే రైతు కేసుకు క్లూస్ టీమ్ వస్తే దయ, రాకపోతే ప్రాప్తం. మిగిలేది ఆ హెడ్ కానిస్టేబుల్ ఓపిక.

ఆ కేసులో దొంగ దొరకలేదు. ఆయన మళ్లీ వెళ్లి రైతుకు ఆ మాటే చెప్పాడు: ఫలానా అంగళ్లు చూశాం, ఇంకా జాడ లేదు, ఫైలు మూయలేదు. రైతు తిట్టలేదు, పొగడలేదు. మంచినీళ్లిచ్చి, కొత్త కేబుల్‌కు ఏ రంగు టేపు చుట్టించాడో చూపించాడు. ఇంకోసారి కేబుల్ పోతే ఏం చెప్పాలో రైతుకు తెలిసిపోయింది. దొరకలేదని చెప్పడానికి వెళ్లడం కూడా దర్యాప్తులో భాగమేనని నేను అక్కడే నమ్మాను. దొరికినప్పుడు చెప్పడానికి ఎవరైనా వెళ్తారు.

అప్పుడది ఆయన మంచితనం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ సురక్షా సంహిత దాన్ని విధిగా మార్చింది. 90 రోజుల్లోగా దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు గానీ బాధితుడికి గానీ పోలీసులే తెలపాలి. ఫోన్ సందేశమైనా చాలు. చట్టంలో ఉన్నంత మాత్రాన కబురు దానంతటదే మన గుమ్మంలోకి రాదు. కేబుల్ పోయినవాళ్లు ఎఫ్ఐఆర్ కాపీ అడిగి తీసుకోండి, అది ఉచితం. మూడు నెలలు దాటినా కబురు లేకపోతే ఆ కాపీ పట్టుకుని స్టేషన్‌కు వెళ్లి, నా కేసు ఎక్కడిదాకా వచ్చిందని అడగండి. చేతులు కట్టుకుని అడగక్కర్లేదు, కుర్చీలో కూర్చునే అడగొచ్చు.