చదరపు అడుగుల లెక్క

కతలిన్ కరికో ఆత్మకథ 'బ్రేకింగ్ త్రూ' 2023లో అచ్చయింది. అదే ఏడాది అక్టోబరులో ఆవిడకీ, డ్రూ వైస్‌మన్‌కీ కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. అప్పట్నుంచీ మనవాళ్ల ఇళ్లల్లో ఈ పుస్తకం గురించి చెప్పుకునే తీరు ఒకటుంది. మాంసం కొట్టువాడి కూతురు, పరాయి దేశం వచ్చింది, ఎవరేమన్నా పట్టు వదల్లేదు, చివరికి లోకమే ఆవిడ దగ్గరికి వచ్చింది. కాబట్టి పిల్లలూ, మీరూ టీవీ కట్టేసి బుద్ధిగా చదువుకోండి. ఇలా చదివితే పుస్తకంలో సగం చదవనట్టేనని మా అభిప్రాయం. ఆ మిగిలిన సగం గురించే ఈ నాలుగు మాటలూ.

తెలియనివారి కోసం ముందు కథ. కరికో 1955లో హంగరీలో పుట్టింది. సెగెద్ పరిశోధనాలయంలో 1985లో డబ్బు అయిపోయి ఉద్యోగం పోయింది. భర్తనీ, రెండేళ్ల పాపనీ వెంటబెట్టుకుని ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయానికి వచ్చింది. కారు అమ్మగా వచ్చిన డబ్బు, 900 పౌన్లు, పాప ఎలుగుబంటి బొమ్మలో పెట్టి కుట్టి తెచ్చుకున్నారు. ఎనిమిది డాలర్లతో విమానం దిగిన మన పెద్దలకు ఈ ఘట్టం విడమరిచి చెప్పనక్కర్లేదు. కొన్నాళ్లకు మరోచోట ఉద్యోగం దొరికితే, మొదటి ఉద్యోగం ఇచ్చిన ఆచార్యుడు దేశం దాటిస్తానని బెదిరించాడు. ఆ కొత్త ఉద్యోగం చేజారింది. వీసా అనేది పాస్‌పోర్టులో ఉండే కాగితం కాదు, పై అధికారి చేతిలో ఉండే తాడు అని ఆవిడకు తెలిసింది అక్కడే.

1989లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చేరింది. 1995లో అక్కడ హోదా తగ్గించారు. గ్రాంట్లు రాలేదు, అదీ కారణం. అప్పుడే భర్త వీసా పనిమీద వెళ్లి హంగరీలో ఇరుక్కుపోయాడు, తనకు కేన్సరేమోనన్న అనుమానం ఒకటి. మామూలుగా ఇంత జరిగితే మనిషి వెళ్లిపోతుంది. వెళ్లిపోతుందనే అలా చేస్తారు కూడా. ఆవిడ వెళ్లలేదు.

పుస్తకానికి బలం ఎక్కడుందంటే ఇక్కడే. శాస్త్రజ్ఞుల ఆత్మకథల్లో జీతం మాట సాధారణంగా రాదు. పెద్ద ఆలోచనలు ఆకాశంలోంచి దిగుతాయి, సమావేశాల్లో పెద్దమనుషులు చేతులు కలుపుతారు. ఇందులో మాత్రం ఎవరికి ఏ గది, ఏ ఫ్రీజరు, ఎవరి గ్రాంటు మీద ఎవరి జీతం అనేవి నేలమీది విషయాలుగా కనిపిస్తాయి. ప్రయోగశాలకు విలువ కట్టడానికి ఆ విశ్వవిద్యాలయంలో ఒక కొలమానం ఉండేదట: ఆక్రమించిన ప్రతి చదరపు అడుగుకూ ఎన్ని డాలర్ల గ్రాంటు తెచ్చారు అన్నది. మన ఊళ్లో కొట్ల అద్దె కూడా ఇంతే. కాకపోతే కొట్టువాడు దాన్ని విద్య అనడు. ఏళ్ల తరబడి ఆవిడ జీతం ఏడాదికి 60,000 డాలర్లు దాటలేదు. పనిగంటలతో భాగించి చూస్తే గంటకు ఒక డాలరు పడుతోందని భర్త లెక్క తేల్చాడు. ఆయన ఒక అపార్టుమెంట్ల సముదాయానికి మేనేజరు. పుస్తకంలో మాకు అన్నిటికంటే నచ్చిన మనిషి ఆయనే.

ఇంతకీ ఆవిడ చేసినదేమిటి? మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అంటే కణానికి అందే వంటచీటీ లాంటిది, ఫలానా ప్రోటీను వండు అని చెబుతుంది. బయట తయారుచేసిన చీటీని లోపలికి పంపితే శరీరం దాన్ని శత్రువనుకుని ఇన్‌ఫ్లమేషన్ పుట్టిస్తుంది. కరికో, వైస్‌మన్ ప్రయోగాల్లో, పోలిక కోసం పెట్టిన ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ మాత్రం ఏ అల్లరీ చేయలేదు. అందులో రూపం మార్చుకున్న అక్షరాలు ఎక్కువ. ఆ జాడ పట్టుకుని, యూరిడిన్ ఉండే చోట సూడోయూరిడిన్ పెట్టి చూస్తే గొడవ అణిగింది. 'నేచర్' పత్రిక వ్యాసాన్ని తిప్పిపంపింది. 2005లో 'ఇమ్యూనిటీ'లో వచ్చింది. వచ్చాక ఫోను మోగలేదు. 2020 డిసెంబరులో అమెరికా అనుమతించిన రెండు కోవిడ్ టీకాలూ ఈ మార్పు ఆధారంగా చేసినవే, మనలో చాలామంది భుజాల్లోకి ఎక్కినవే.

విశ్వవిద్యాలయాలు పంచే పరిశోధన వార్తలు మా బల్లమీద వారం వారం పడుతుంటాయి. తెల్లకోటు ఫొటో, గ్రాంటు మొత్తం, రోగులకు కలగబోయే మేలు, డీనుగారి సంతోషం. ఈ రచనాప్రక్రియకు ఒక నియమం ఉంది: అందులో ఎవరూ ఉద్యోగం పోగొట్టుకోరు. 2023 అక్టోబరులో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఇద్దరినీ తన శాస్త్రజ్ఞులుగా చెప్పుకుని పండుగ చేసుకుంది. చెప్పుకోవడం అబద్ధం కాదు. కాని పదేళ్ల కిందట, 2013లో, అదే విశ్వవిద్యాలయంలో ఆవిడ తన గదికి వచ్చేసరికి సామాను నడవాలో ఉంది. ఈ గది ఒకనాడు మ్యూజియం అవుతుందని అక్కడివాళ్లతో అనేసి, జర్మనీలోని బయోన్‌టెక్ కంపెనీకి వెళ్లింది. రెండు వార్తల్లో ఒకటే అచ్చుకు నోచుకుంది. రెండోదాన్ని ఆవిడే రాసుకోవలసి వచ్చింది. ఆత్మకథ అవసరం అందుకే వచ్చిందని మాకు తోస్తుంది.

ఇక లోపం సంగతి. కరికో చిన్ననాడే హాన్స్ సెల్యే రచనలు చదివింది. శరీరం ఒత్తిడికి ఎలా స్పందిస్తుందో చెప్పిన వైద్యుడాయన. మేమంతా మెడికల్ కాలేజీలో ఆయన పేరు బట్టీపట్టినవాళ్లమే. చెడు ఒత్తిడిని మంచి ఒత్తిడిగా మార్చుకోవచ్చు, నీ చేతిలో లేనిదాని గురించి ఏడవకు అన్నది ఆవిడ గ్రహించిన సారం. తనను తోసేసినవాళ్ల వల్లనే ఇంకా గట్టిగా పనిచేశానని కృతజ్ఞత చెప్పుకునేదాకా వెళ్తుంది ఈ ధోరణి. ఒక మనిషి బతకడానికి ఇది మంచి మందే. అయితే మందు రోగికి ఇవ్వాలి, రోగకారణానికి కాదు. పేజీ వెంట పేజీ చదరపు అడుగుల లెక్క చూపించి, చివరికి అంతా నా మంచికే అనేస్తే, లెక్క వేసినవాడు హాయిగా తప్పుకుంటాడు. రచయిత్రికి కోపం రాకపోవడం ఆవిడ సంస్కారం కావచ్చు. పుస్తకానికి మాత్రం అది వెలితి.

పైగా ఆవిడ నిలబడిన వైనం చూడండి. 1995 తర్వాత గూడు దొరికింది డేవిడ్ లాంగర్ అనే కుర్ర డాక్టరు వల్ల. న్యూరోసర్జరీలో రెసిడెంటుగా ఉంటూ, తమ విభాగాధిపతికి నచ్చజెప్పి ఆవిడకు చోటు ఇప్పించాడు. వైస్‌మన్ పరిచయమైంది జెరాక్సు మిషను దగ్గర, వంతుకోసం నిలబడ్డప్పుడు. కూతురు సూసన్ అక్కడే చదువుకోగలిగింది ఉద్యోగుల పిల్లలకిచ్చే ఫీజు రాయితీతో. ఆ పిల్ల తర్వాత 2008, 2012 ఒలింపిక్సులో పడవపందేల్లో అమెరికా జట్టుతో బంగారు పతకాలు తెచ్చింది. పట్టుదల ఉన్నది నిజమే. కాని ఒక రెసిడెంటు, ఒక జెరాక్సు మిషను, ఒక ఫీజు రాయితీ లేకపోతే ఆ పట్టుదల ఏ గదిలో నిలబడేది? అంతే పట్టుదల ఉండి, ఈ మూడూ దొరకనివాళ్లు ఆత్మకథలు రాయరు.

ఇది మనకు కొత్త కథ కాదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో బోస్టన్ చేరి, ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేస్తూ చదువుకున్నారు. ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి, ఆ వెనక కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ. హార్వర్డ్ ఆయనకు టెన్యూర్ ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు. ఫోలిక్ ఆసిడ్ తయారీ, ఈనాటికీ మేము కీళ్లరోగులకు వారానికొకసారి వేసుకోమని రాసే మెథోట్రెక్సేట్, బోదకాలు మందు హెట్రజాన్, ఇవన్నీ అక్కడివే. 1948లో పోయారు. ఆయన ఆత్మకథ రాయలేదు. అందుకని మనం ఆయన జయంతి సభల్లో 'ఓర్పు' గురించి ఇష్టమొచ్చినంత సేపు మాట్లాడగలుగుతున్నాం. అడ్డు చెప్పే పేజీ ఒక్కటీ లేదు. విశ్వవిద్యాలయం పంపించేసినవారిని కంపెనీ పిలవడం, ఆయన విషయంలోనూ ఈవిడ విషయంలోనూ ఒక్కలాగే జరిగింది. ఎనభై ముప్ఫై ఏళ్ల తేడాతో కాదు, డెబ్భైమూడేళ్ల తేడాతో, 1940, 2013.

మన సంఘం సభల్లో ముందు వరస డాక్టర్లది. వెనక ఎక్కడో, గ్రాంటు ఉన్నన్నాళ్లు ఉండే ఉద్యోగంతో, వచ్చే జూన్ తర్వాత వీసా ఏమిటో తెలియని రిసెర్చి అసోసియేటు కుర్రవాడో, అమ్మాయో కూర్చుని ఉంటారు. భోజనాల దగ్గర 'ఏ యూనివర్సిటీ అమ్మా?' అని అడుగుతాం, పేరున్నదైతే మెచ్చుకుంటాం. ఏ గదిలో, ఎవరి గ్రాంటు మీద అని అడగం. కరికో పుస్తకాన్ని పదో క్లాసు పిల్లలకు కానుకగా ఇస్తున్నారు, ఇవ్వండి. దానికన్నా ముందు విభాగాధిపతులైనవారూ, ప్రమోషను కమిటీల్లో కూర్చునేవారూ మన సభ్యుల్లో కొందరున్నారు. వారు చదివితే ఎక్కువ ఉపయోగం. లాంగర్ రెసిడెంటుగా ఉండి చేసిన పని వారు చేయడానికి ఇంకా వీలు ఎక్కువ.

ఇంగ్లీషు సులువుగానే ఉంది. హంగరీ బాల్యం అధ్యాయాలు కొంచెం సాగినా, తోటపని, మాంసం నిలవ చేసుకోవడం గురించిన పేజీలు మన అమ్మమ్మల ఇళ్లను గుర్తుకు తెస్తాయి. తొందరలో ఉన్నవారు ఫిలడెల్ఫియా అధ్యాయాలతో మొదలుపెట్టవచ్చు. సంఘం పుస్తకాల పెట్టెలో ఒక ప్రతి పెట్టాం. మార్జిన్లలో పెన్సిలు గీతలు మావే, చెరపనక్కర్లేదు.