తొట్టి లోపలి నీలం

ఈ వారం ఆటోనగర్‌లో ఒక పెయింటరు అడిగిన ప్రశ్న నన్నింకా వదలడం లేదు. మా పాత టాటా మొబైల్ తొట్టిని ఎమరీ కాగితంతో రుద్దుతూ రుద్దుతూ చెయ్యి ఆపి, "ఏ రంగు దాకా తియ్యమంటారమ్మా?" అన్నాడు. వంగి చూశాను. అరచేతి మేర రంగు పోయినచోట పొరలన్నీ ఒకదాని చుట్టూ ఒకటి బయటపడ్డాయి. అంచున బూడిద రంగు, దాని లోపల తెలుపు, తర్వాత ముదురు నీలం, ఆ తర్వాత రెడ్ ఆక్సైడు, మళ్ళీ తెలుపు, నట్టనడుమ రూపాయి బిళ్ళంత మెరిసే ఇనుము.

"కంపెనీ రంగు దాకా" అని చెప్పడానికే వెళ్ళాను. ఆ నీలం చూశాక వెంటనే చెప్పలేకపోయాను.

ఈ కాలమ్ మొదట్నుంచీ చదువుతున్నవారికి ఆ బండి కొత్తది కాదు. నూజివీడు తోటలో చింతచెట్టు కింద ఏళ్ళ తరబడి పడి ఉన్నదాన్ని ఇంటిల్లిపాదీ కలిసి లేపుతున్నాం. కొత్తగా చదువుతున్నవారికి రెండు ముక్కలు: టెల్కో 1988లో తెచ్చిన పికప్ అది, 206. తర్వాత 1991లో వచ్చిన సియెర్రా, 1994లో వచ్చిన సుమో దీని పునాది మీద పుట్టినవే. ఆ 1948 సీసీ డీజిల్ ఇంజనునే వాటికీ వాడారు. అందుకే రింగులు, బేరింగులు, గ్యాస్కెట్లు వెతికితే ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఇంజను సంగతి మా తమ్ముడు చూసుకున్నాడు. హెడ్డు బిగించేటప్పుడు నడుమ బోల్టుల నుంచి మొదలుపెట్టి బయటి బోల్టుల దాకా, ఒక్కసారే కాకుండా విడతలు విడతలుగా, టార్క్ రెంచ్ పట్టుకుని బిగించాడు. ఆ ఓపిక వాడికి ఎక్కణ్ణుంచి వచ్చిందో గానీ, చూస్తుంటే ముచ్చటేసింది.

దొరకనిది రేకు. నా పుట్టీ గోల మీకు తెలిసిందే, మళ్ళీ చెప్పక తప్పదు. తుప్పు మీద పుట్టీ పులిమి, పైన తళతళలాడే రంగు కొట్టి ఇచ్చేవాణ్ని నమ్మకండి. పుట్టీ చెమ్మ పీలుస్తుంది. లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి రంగు బుడగలు కడుతుంది. పాత బండి కొనేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం ఒకటి పెట్టుకెళ్ళండి. పల్చటి గుడ్డ చుట్టి తలుపు కింది అంచుల వెంబడి, చక్రాల పైన వంపుల మీద జరుపుతూ పోండి. పట్టు సడలిన చోట లోపల దళసరి పుట్టీ ఉన్నట్టే.

మా బండి తలుపుల అడుగున నీళ్ళు పోవడానికి కంపెనీవాళ్ళు పెట్టిన బెజ్జాలన్నీ మట్టితో పూడుకుపోయాయి. అద్దం సందులోంచి దిగిన వాన నీరు పోయే దారి లేక అక్కడే నిలిచి రేకుని తినేసింది. తుప్పు పట్టిన మేర కోసేసి, గట్టి ఇనుము తగిలిన దగ్గర్నుంచి కొత్త రేకు అతకాలి. అతికేటప్పుడు ఒక చివర్నుంచి వెల్డింగ్ లాక్కుంటూ పోతే వేడికి రేకు వంకర తిరుగుతుంది. ముందు మూలల్లో చుక్కలు పెట్టి, ఎదురెదురుగా పెట్టుకుంటూ, ఆరనిస్తూ, చుక్కల మధ్య చుక్కలతో గీత పూర్తి చెయ్యాలి. మా మేనల్లుడు ఇది నేర్చుకున్నాడు. ఇప్పుడు సైకిల్ చువ్వ ఒకటి తలుపు జేబులోనే పడేసి ఉంచాడు, బెజ్జాలు పొడవడానికి.

సీట్లు అమ్మ పని. పాత రెక్సిన్ తొడుగుని కుట్టు కుట్టూ ఊడదీసి, ముక్కలన్నీ చాప మీద పరిచి, ఆది జాకెట్టు పెట్టుకుని కొత్తది కత్తిరించినట్టు కత్తిరించింది. అంచులు లోపలికి మడిచే చోట అంగుళం అదనంగా వదిలింది. సీట్లు కుట్టే కుర్రాడు చూసి, "ఎవరు కోసారండీ ఇది?" అని అడిగాడు. అమ్మ ఆ మాట చుట్టాలందరికీ చెప్పింది.

సరే, ఆ నీలం దగ్గరికి వస్తాను. గీకిన చోట వేలితో తడిమి పెయింటరే చెప్పాడు: "ఇది స్ప్రే కాదమ్మా, బ్రష్షు పని. ఎనామిలు." అవును, మా నాన్న వేసిందే. ఇంటి కిటికీ ఊచలకి వేయగా మిగిలిన డబ్బా. ఆ ఏడు చిన్నరసాలు విరగకాశాయి. రసం పండు సంగతి తెలుసుగా, పల్చటి తొక్క, నిండా రసం. పైన బరువు పడితే అడుగు కాయలు నున్న మార్కెట్‌కి చేరేసరికి చితికిపోయేవి. బేరగాడు గంప అడుగున చెయ్యి పెట్టి, తడి తగలగానే ధర తగ్గించేవాడు. నాన్న దానికి ఉపాయం వెతికాడు. తొట్టికి రెండు పక్కలా నడుం ఎత్తున ఇనప యాంగిల్ బద్దీలు వెల్డింగ్ చేయించి, వాటి మీద అడ్డంగా వేపచెక్క పలకలు పరిచాడు. బండికి రెండో అంతస్తు వచ్చింది. కింద ఒక వరస గంపలు, పలకల మీద ఒక వరస. పై బరువు ఏదీ కింది కాయ మీద పడదు. వెల్డింగుకి కాలిన రంగంతా గీకి, రెడ్ ఆక్సైడు కొట్టి, ఆ పైన ఈ నీలం వేశాడు.

రాత్రి లోడు ఎత్తి తెల్లారకముందే నున్న చేరాలి. ఆగిరిపల్లి మీదుగా వెళ్ళేవాళ్ళం. వేసవి సెలవుల్లో నేనూ ఎక్కేదాన్ని, క్యాబిన్లో నాన్నకీ జీతగాడికీ మధ్య. గతుకు వచ్చిన ప్రతిచోటా నాన్న గేరు తగ్గించేవాడు, నా నిద్ర కోసం కాదు, కాయల కోసం. వెనక పలకలు కిర్రుమంటే బండి ఆపి, టార్చి వేసి, తాళ్ళు బిగించి వచ్చేవాడు. మార్కెట్‌లో వరిగడ్డి తీసి గంప బోర్లిస్తే అడుగు కాయ కూడా పొడిగా దొర్లేది. అప్పుడు ఆయన ముఖం చూడాలి! ఆ తర్వాత చుట్టుపక్కల తోటలవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి కొలతలు తీసుకువెళ్ళి తమ బళ్ళకీ అలాగే చేయించుకున్నారు. నీలం మీది తెలుపు తమ్ముడు మంచినీళ్ళ టిన్నులు వేసిన రోజులది. బూడిద రంగు సిమెంటు లోడ్ల కాలానిది.

ఇన్నాళ్ళూ నా వాదన ఒకటే. పాత బండిని బాగుచేయడమంటే కార్ఖానా గేటు దాటిన రోజున ఎలా ఉందో అలా నిలబెట్టడం. ఆ లెక్కన యాంగిల్ బద్దీలు కోసెయ్యాలి. వాటిని కోసే మాట ఎత్తితే నాకు ప్రాణం ఒప్పదు. మేనల్లుడికీ అవి అడ్డే. మందు కొట్టడానికి నీళ్ళ ట్యాంకూ డ్రిప్పు పైపు చుట్టలూ వేసుకోవాలి వాడు. ట్యాంకు దిగాలంటే బద్దీలు పోవాలి. "అత్తా, పక్కలకి మడత తలుపులు పెట్టిద్దాం, పైపు చుట్టలు పక్క నుంచే దింపుకోవచ్చు" అంటాడు. ఈ తగువు నాన్న ముందు పెట్టాం. ఆయన క్షణం ఆలోచించలేదు. "రసాలు వేసేదెవరురా ఇప్పుడు? ప్లాస్టిక్ ట్రేలు వచ్చాయిగా. కోసి పారెయ్. ఆ ఇనుము పారెయ్యకు గానీ, ట్యాంకు కదలకుండా అడుగున బిగించు" అన్నాడు.

చేసినవాడే కోసెయ్యమన్నాక నేను పట్టుకు వేలాడటంలో అర్థం లేదు. పైగా పెయింటరు మరో చిక్కు చెప్పాడు. పాత ఎనామిలు మీద కొత్త రకం రంగు కొడితే, థిన్నరు తగలగానే అడుగు పొర ఉబ్బి ముడతలు పడుతుంది. అంటే నీలం ఉంచడం కుదరదు, కంపెనీ తెలుపూ ఉంచడం కుదరదు. మొత్తం ఇనుము దాకా తీసెయ్యాల్సిందే. అందుకే నా మాట ఇప్పుడిది: పనిచేసే బండి మీద రేపు దాన్ని నడిపేవాడిదే హక్కు. కాపాడాల్సింది రేకు బలం, ఛాసిస్, బ్రేకులు. తొట్టిలో ఏం పెట్టాలో తోట చెబుతుంది.

హక్కుంది కదా అని ఏదైనా చెయ్యడానికి లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే గట్టిగా చెప్పింది. అలా చేస్తే ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కాబట్టి మడత తలుపుల బొమ్మ గీసి, పని మొదలెట్టక ముందే రవాణా కార్యాలయంలో చూపించమన్నాను. బ్రేకు ఇన్‌స్పెక్టరు సరేనన్నాకే కోత. బయటి రంగు ఆర్సీలో ఉన్న తెలుపే.

క్యాబిన్ నెత్తి మీద ఎల్ఈడీ దీపాల వరస పెడతానని కూడా మేనల్లుడు అడిగాడు. అది మాత్రం వద్దన్నాను. ఆగిరిపల్లి రోడ్డులో రాత్రిపూట సైకిల్ మీద ఎదురొచ్చేవాడికి ఆ వెలుగులో రోడ్డు అంచు కనిపించదు. వాడు ఇంకా ఒప్పుకోలేదు. వాళ్ళ నాన్న నా పక్షం. అమ్మ మనవడి పక్షం.