మా పెరటి సీమరేగులు

ఆపిలు పండునకు మన పెద్దలు పెట్టిన పేరు సీమరేగు. పిడికిలి నిండు పండును రేగుతో పోల్చుట ఏమి సామ్యమని బాల్యమున నేను వింతపడితిని గాని, పదునాలుగేండ్ల క్రిందట ఉద్యోగవశమున అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమునకు వచ్చి, ఇంటి వెనుకనున్న జానెడు నేలలో క్రాబ్ యాపిలు చెట్లను పెంచి, భాద్రపదమున వాని కొమ్మలకు గుత్తులు గుత్తులుగా వ్రేలాడు ఎఱ్ఱని చిఱుపండ్లను తొలిసారి దోసిట పట్టినపుడు, ఆ పేరు ఈ పండు కొఱకే పుట్టియుండవలె ననిపించెను. పరిమాణము రేగుపండంత, అడ్డముగా కోసిన లోపల పెద్ద ఆపిలునకు వలెనే ఐదు గదులు, కొఱికిన వెంటనే దవడలు జివ్వుమను పులుపు.

రెండంగుళముల వ్యాసమునకు మించని ఆపిలు పండ్ల నన్నింటిని ఇచటివారు క్రాబ్ యాపిలు లందురు. కావున ఇది ఒక జాతికి చెందిన పేరు కాదు, కొలతను బట్టి వచ్చిన పేరు. సైబీరియా, చైనా, జపాను, ఐరోపా, ఉత్తర అమెరికా వనములలో పుట్టిన వేర్వేరు జాతులును, వాని సంకరములును ఈ ఒక్క పేరి క్రింద కాపురము చేయుచున్నవి. కొన్నింటి పండు బఠాణిగింజంత, కొన్నింటిది పెద్ద ఉసిరికాయంత. రుచులలోని అంతరము అంతకంటెను అధికము.

ఇచటి చలి ఎట్టిదో చెప్పనిదే ఈ చెట్ల విలువ బోధపడదు. పుష్యమాసపు రాత్రులలో సున్నకు దిగువ 30 డిగ్రీల సెల్సియసు వరకు ఉష్ణము పడిపోవుట మా యూర విననిది కాదు. నేను మొదట నాటిన తియ్యని ఆపిలు మొక్క, చలికి తాళు రకమా కాదా యని విచారింపక కొన్నది, రెండవ శీతకాలమునకే మోడయ్యెను. ఆ మోడును పెల్లగించుచున్న నన్ను చూచి కంచె ఆవలినుండి వచ్చిన పొరుగింటి వృద్ధుడు, ఓదార్పుగా, పీటర్ గిడియను కథ చెప్పెను. 1850వ దశకమున మిన్నెటోంకా సరస్సు తీరమున స్థిరపడిన ఈ గిడియను, ఏటేట ఆపిలు మొక్కలను విత్తనములను నాటుచు, ఏటేట వానిని చలికి సమర్పించుకొనుచు, తుదకు సైబీరియా క్రాబ్ మొలక యొకటి తక్క సర్వమును పోగొట్టుకొని, చేత మిగిలిన కడపటి 8 డాలర్లను మెయిన్ రాష్ట్రములోని బాంగరు పట్టణమునకు పంపి మరల విత్తనములును అంటుపుల్లలును తెప్పించుకొనెను. కోటు కొనుటకు డబ్బులేక ఆ శీతకాలమును పాతబట్టల నతికి కుట్టుకొన్న దుస్తులతో గడపెనని చెప్పుదురు. ఆ వచ్చిన వానిలోని క్రాబ్ యాపిలు గింజ యొకటి మొలచి, పెరిగి, 1868లో కాచెను. పండు పెద్దది, రుచి మేలు, చలికి చెక్కుచెదరని చెట్టు. దానికి ఆయన తన భార్య పేర వెల్తీ అని నామకరణము చేసెను. మామిడిటెంకనుండి మొలచిన మొక్క తల్లిచెట్టును పోలదని, బంగినపల్లి కావలెనన్న అంటు కట్టక తప్పదని మన రైతు లందఱు నెఱుగుదురు. ఆపిలు గింజయు నంతే, తల్లిని పోలదు. వేయి గింజలలో తొమ్మిదివందల తొంబదితొమ్మిది నిరాశ కలిగింపవచ్చును. ఆ మిగిలిన ఒక్క దాని కొఱకు గిడియను తన కోటును ఇచ్చివేసెను.

ఈ కథ విన్న పిమ్మట, నాటినచో క్రాబ్ యాపిలులనే నాటుదునని నిశ్చయించుకొని నాలుగు రకములను తెచ్చితిని. మొదటిది సెంటెనియల్, 1957లో మిన్నెసోటా విశ్వవిద్యాలయము విడుదల చేసినది, గిడియను గారి వెల్తీయే దాని తల్లిదండ్రులలో నొకటి. రెండవది చెస్ట్‌నట్, అదియు ఆ విశ్వవిద్యాలయపు సృష్టియే, 1940వ దశకము నాటిది. మూడవది ఇల్లినాయి రాష్ట్రమున 19వ శతాబ్దమున పుట్టిన విట్నీ. నాలుగవది, నా మనసున మొదటిదియు, డోల్గో. దక్షిణ డకోటా వ్యవసాయ కళాశాలలో ఆచార్యుడైన నీల్స్ హాన్సెను 1897లో రష్యానుండి తెచ్చిన విత్తనములలో పుట్టి, 1917లో లోకమునకు అందిన రకమిది. సెంటెనియలునకు రెండవ జనకము ఈ డోల్గోయే యగుటచే, వంశవృక్షమును బట్టి చూచిన నా పెరటిలో తండ్రియు కొడుకును ప్రక్కప్రక్కన నిలిచినట్లయ్యెనని మురిసితిని.

ఆ మురిపెము ఐదేండ్లు నిలిచెను. ఐదవ యేట డోల్గో పూచెను, పిందె వేసెను, పండెను. పండిన వెంటనే నా గుండె జారెను. డోల్గో అనగా రష్యను భాషలో పొడవైనదని యర్థము. పండు కోలగా, చిన్న రేగువలె గాక గంగరేగు ఆకృతిలో నుండవలెను. నా చెట్టునకు కాచినవి మిరియమునకు పెద్దవి, బఠాణికి సరియైనవి, చక్కగా గుండ్రనివి. మొక్కను అమ్మిన తోటవారు పొరపాటున వేఱొక అలంకారపు రకమునకు డోల్గో చీటి కట్టిరన్నమాట. ఫిర్యాదు చేసిన క్రొత్త మొక్క నిచ్చెదరేమో. పోయిన ఐదు వర్షములను ఎవరిత్తురు? నరికివేయుదమని గొడ్డలి తీసితిని. పొరుగింటి వృద్ధుడు మరల కంచెకు ఆవలినుండి చేయెత్తి ఆపి, తన పెరటి మూలనున్న ముదుసలి చెట్టును చూపెను. అది అచ్చమైన డోల్గో. ముప్పది యేండ్లుగా దాని పండ్లు రాలుచుండగా ఆయన పారతో ఎత్తి పోయుచుండెనట. ఆ మాట విని నేను నొచ్చుకొంటిని.

ఆ ఫాల్గునమున, మంచు ఇంకను మోకాలిలోతు ఉండగనే, ఆయన చెట్టునుండి పెన్సిలు మందము గల నిద్రాణపు పుల్లలను కోసి, తడిగుడ్డ చుట్టి, రిఫ్రిజిరేటరున దాచితిని. వైశాఖమున నా చెట్టు మొగ్గలు విచ్చు వేళకు దక్షిణపు కొమ్మలను సగమునకు కోసి, చీల్చి, రెండింటి బెరడు క్రింది ఆకుపచ్చని పొర ఒకదానినొకటి తాకునట్లు పుల్లలను చొనిపి, నాడాతో బిగించి మైనము పూసితిని. ఆ పొరలు కలియనిదే అంటు అంటదు. తక్కినదంతయు కట్టు మాత్రమే. ఆఱింట నాలుగు పట్టినవి. మూడవ యేట కాచినవి. నేడు ఆ చెట్టు సగము పక్షులది, సగము మాది: ఉత్తరపు కొమ్మల బఠాణిపండ్లు మాఘము వరకు రాలక మంచులో మిగిలి, మెత్తబడి, గుంపులు గుంపులుగా వచ్చు వాక్స్‌వింగు పిట్టల ఆకలి తీర్చును.

తెగుళ్ళను గూర్చి ఒక మాట. ఆకులపై నల్లమచ్చలు వేసి శ్రావణమునకే చెట్టును బోడిచేయు స్కాబు ఈ చెట్లను తఱచు బాధించును. కొమ్మ కొసలు నిప్పు సోకినట్లు నల్లబడి కొడవలివలె వంగు ఫైర్ బ్లైటు కనబడిన వెంటనే జానెడు క్రిందికి కోసి కాల్చివేయవలెను. స్కాబునకు తట్టుకొను గుణమును పెద్ద ఆపిలునకు ప్రసాదించినది కూడ ఒక క్రాబ్ యాపిలే: జపాను దేశపు ఫ్లోరిబండా జాతి. దాని వంశమున పుట్టి 1970లో విడుదలైన ప్రైమా మొదలుగా ఎన్ని తెగులు తట్టుకొను రకములు వచ్చినవో చూచిన, ఈ చిన్నపండును పారతో ఎత్తిపోయుటకు ఎవ్వరికిని చేతులు రాకూడదు.

ఇక రుచుల పోలిక. ఏటేట నోటుపుస్తకమున పూసిన దినము, పండిన దినము, రుచి వ్రాసికొనుచుంటిని గాని, ఇంగ్లీషున వ్రాసినన్నాళ్ళు ఆ మూడవ గడిలో టార్ట్ అను ఒక్క మాటయే అన్ని చెట్లకును పడుచుండెను. ఒక యేడు మా అమ్మ తెనాలినుండి వచ్చి ఆ నాలుగింటిని వరుసగా కొఱికి చూచినది. విట్నీ నోట పెట్టుకొని, "ఇది తీపేరా, కానీ పిండిలా అయిపోయింది, ముగ్గకముందే కోయాల్సింది" అనెను. సెంటెనియలును మారు మాటాడక రెండవది తీసికొనెను. చెస్ట్‌నట్ దగ్గఱ ఆగి, "పైకి తీపి, అడుగున కాస్త వగరు. ఇది బాగుంది" అనెను. డోల్గోను కొఱికి కన్నులు మూసికొని, "ఏరా, ఇది వగరు కాదు, ఉత్త పులుపు. వాక్కాయ లాంటిది. దీన్ని పిట్టలకు వదిలేస్తారా వీళ్ళు?" అని నన్ను నిలదీసెను. పులుపు వేఱు, వగరు వేఱు. ఒకటి నోరూరించును, ఒకటి నాలుకను పట్టుకొనును. ఈ భేదము మూడేండ్ల తెలుగు బిడ్డకు తెలియును. ఆ రెండు మాటలు లేక నేను ఎనిమిదేండ్లు పుస్తకము నింపితిని. ఆ సాయంకాలమే పాత పుటలన్నింటిని తెలుగున తిరుగ వ్రాసితిని.

డోల్గో పండు వినాయకచవితి ప్రాంతమునకే పండుట నా భాగ్యము. పాలవెల్లికి వెలగకాయ దొరకదు, మారేడు దొరకదు. ఆ యేడు అమ్మ తొడిమలతో కోసిన డోల్గో గుత్తులను దారముతో కట్టి, నడుమ మొక్కజొన్న కంకుల నుంచి, కెంపుల తోరణమువలె వ్రేలాడదీసెను. పూజ ముగిసిన మఱునాడు వానిని విప్పి, చీల్చి, తినరాని గింజలను తీసివేసి, కందిపప్పులో ఉడికించి, ఇంగువ తాలింపు పెట్టినది. మిగిలిన వానిని ఉడికించి, ఉతికిన పంచెలో మూటకట్టి రాత్రంతయు వ్రేలాడదీసి, పిండక కారనిచ్చిన రసమును చక్కెరతో కాచితిమి. ఈ పండున పెక్టిను సమృద్ధిగా నుండుటచే వేఱేమియు కలుపకయే జెల్లీ గట్టిపడి, దీపమున కడ్డముగా పట్టిన కుంకుమవన్నెగా వెలిగెను.

ఒక గిన్నెడు పప్పును, ఒక సీసా జెల్లీని పొరుగింటికి పంపితిమి. ఆయన ఏమనునో యని అమ్మ ఆ రాత్రి రెండుమారులు అడిగినది. తెల్లవాఱి చూతుము గదా, గిన్నె శుభ్రముగా కడిగి మా వాకిట పెట్టియున్నది; ఆయన చెట్టు వైపు, కంచెకు ఆనించి ఒక నిచ్చెనయు నున్నది.