నిశ్శబ్దాన్ని విప్పే పని

జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో పాత మిద్దె తీసేసేటప్పుడు పని తెలిసిన మేస్త్రీ ముందు గోడ జోలికి పోడు. పైకప్పు చూస్తాడు. దూలం ఏ గోడ మీద ఆనింది, దంతెలు ఎటు పరిచారు, ఏ గుంజ తీస్తే ఏది వాలుతుంది అన్నది తేల్చుకున్నాకే మిద్దె మీది మట్టి దింపిస్తాడు. కట్టినవాళ్లు ఆఖర్న పెట్టింది ముందు దిగుతుంది, మొదట పెట్టింది ఆఖర్న లేస్తుంది. ఎంత పెద్ద కట్టడానికైనా లెక్క ఇదే. ఆ లెక్కకు గట్టి పరీక్ష పెట్టేవి పాత టెలివిజన్ స్టూడియోలు.

ముందు స్టూడియో అంటే ఏమిటో చూడాలి. మన దగ్గరే, ఝరాసంగం మండలం మాచునూర్‌లో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళల సంగం రేడియో 2008 అక్టోబరు 15 నుంచి 90.4 మెగాహెర్ట్జ్ మీద వినిపిస్తోంది. రేడియోకు ఓ చిన్న గది చాలు: బయటి ట్రాక్టరు చప్పుడు మైకులోకి రాకూడదు, లోపలి మాట గోడకు తగిలి తిరిగి రాకూడదు. టెలివిజన్‌కు కావలసిందీ ఇదే, కాకపోతే ఆ గది గోదామంత ఉండాలి. మధ్యలో ఒక్క స్తంభం ఉండకూడదు. నెత్తిన టన్నులకొద్దీ లైట్లు వేలాడాలి, వాటి వేడిని చప్పుడు లేకుండా బయటికి తోడెయ్యాలి. 1977లో హైదరాబాద్‌లో మొదలైన దూరదర్శన్ కేంద్రానికైనా, లండన్‌లో బీబీసీకైనా అవసరాలు ఇవే.

అలాంటి స్టూడియోలను తీసేసే పని పెద్ద ఎత్తున జరిగిన చోటు లండన్‌లోని బీబీసీ టెలివిజన్ సెంటర్. వాస్తుశిల్పి గ్రాహం డాబార్న్ స్థలాన్ని చూసి ఓ కవరు మీద ప్రశ్నార్థకం గీశాడని, భవనం ఆకారం అందులోంచే పుట్టిందని చెబుతారు. 1960 జూన్ 29న తెరిచారు. మధ్యలో గుండ్రటి భవనం, స్టూడియోల్లో చాలావరకు దాని చుట్టూ ఉంటాయి. నటులు, సిబ్బంది లోపలి వలయం వైపు నుంచి వస్తారు. సెట్లు బయట చుట్టూ తిరిగే దారిలోంచి పెద్ద తలుపుల గుండా వస్తాయి. ఒకరికొకరు అడ్డం రారు. అన్నిటికన్నా పెద్దదైన ఒకటో నంబరు స్టూడియో వైశాల్యం వెయ్యి చదరపు మీటర్లకు కాస్త అటూఇటూ.

2012లో ఈ స్థలం సుమారు 20 కోట్ల పౌండ్లకు అమ్ముడుపోయింది. 2013 మార్చి 31న సెంటర్ మూతపడింది. 1, 2, 3 నంబర్ల స్టూడియోలు ఉంచి, 4 నుంచి 8 దాకా ఉన్నవాటిని తీసేశారు. గుండ్రటి భవనం అప్పటికే రక్షిత కట్టడం, దాన్ని కూల్చకూడదు. ఎదురుగా వైట్ సిటీ ట్యూబ్ స్టేషను. అంటే సగం తీసెయ్యాలి, సగానికి బీట కూడా పడకూడదు. 2022 ఆగస్టు 28న నోయిడాలో జంట టవర్లను 3,700 కిలోల పేలుడు పదార్థంతో పది సెకన్లలోపే పడగొడితే దేశమంతా టీవీల ముందు కూర్చుని చూసింది. అందులోనూ నెలల శ్రమ ఉంది, కాదనను. కానీ నాకు ముచ్చటగా అనిపించేది ఎవరూ చూడని, సగం ఉంచి సగం తీసే ఈ రకం కూల్చివేతే.

విప్పడం తెలియాలంటే ముందు కట్టిన తీరు తెలియాలి. చప్పుడును ఆపడానికి గోడను మందంగా కట్టేస్తే చాలదా? చాలదు. గోడ బరువును రెట్టింపు చేసినా తగ్గేది మహా అయితే 6 డెసిబెల్స్. మళ్లీ అంత తగ్గాలంటే మళ్లీ రెట్టింపు చెయ్యాలి. అలా కడుతూ పోతే స్టూడియోకు చోటే మిగలదు. అందుకని శబ్దం బాగా ఆగాల్సిన చోట రెండు గోడలు కడతారు, మధ్యలో గాలి వదులుతారు. బయటి గోడ వణుకు లోపలి గోడకు అందకూడదు. ఆ ఖాళీలో ఒక్క ఇటుక ముక్క ఇరుక్కున్నా, తాపీలోంచి జారిన సిమెంటు ముద్ద రెండు గోడలనూ కలిపేసినా చప్పుడు దాని మీదుగా దాటేస్తుంది. కాబట్టి కట్టేటప్పుడే ప్రతి వరసకూ ఆ సందును శుభ్రం చేసుకుంటూ రావాలి. గోడ లేచాక దాన్ని ఎవరూ చూడలేరు, ఇంజనీరు కూడా. అది చూసే అవకాశం యాభై అరవై ఏళ్ల తర్వాత కూల్చేవాళ్లకే దక్కుతుంది. బ్రేకర్ తగిలి బయటి పొర ఊడినప్పుడు లోపలి సందు అడుగుదాకా ఖాళీగా కనిపిస్తే, ఆ మేస్త్రీ పేరు తెలియకపోయినా పనితనం తెలుస్తుంది.

లోపలి గోడ మీద చప్పుడును పీల్చుకునే రాక్‌వూల్ దుప్పట్లు, వాటి మీద జాలి. గాలి గొట్టాలు మనిషి దూరి నడిచేంత వెడల్పుగా ఉంటాయి, ఎందుకంటే అదే గాలి సన్నని గొట్టంలో పరుగెత్తితే ఈల వేస్తుంది. తలుపులు జంటగా ఉంటాయి. మొదటిది మూసుకున్నాకే రెండోది తెరుస్తారు.

విప్పడం లోపలి నుంచే మొదలవుతుంది, ముందు దిగేవి లైట్లు. పైకప్పు కింద ఇనుప చట్రం ఉంటుంది, అందులోంచి తీగతాళ్ల మీద లైట్ల బార్లు వేలాడుతుంటాయి, ఎత్తి దించే మోటార్లు వాటికి ఉంటాయి. తెలివైన బృందం భవనానికి కరెంటు తీసేసేలోపే ఆ మోటార్లతోనే బార్లన్నీ నేల మీదికి దించుకుంటుంది. కరెంటు ముందే పోతే ఒక్కో బారునూ అంత ఎత్తున మంచె కట్టి చేత్తో దించాలి. తర్వాత కేబుళ్లు. కెమెరాల నుంచి కంట్రోల్ గదికి, అక్కడి నుంచి ఇంకో గదికి, ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి పరుస్తూ పోయినవి. రాగి కనుక తుక్కు వ్యాపారి కన్ను మొదట వీటి మీదే పడుతుంది.

ఆ తర్వాతి దశకు తొందర పనికిరాదు. ఆ కాలపు స్టూడియోల్లో మంటలు అంటుకోకుండా ఆస్బెస్టాస్ విరివిగా వాడారు. 1988లో టెలివిజన్ సెంటర్ స్టూడియోల్లోనే అది బయటపడి కొన్ని మూతపడితే, ‘డాక్టర్ హూ’ ధారావాహిక బృందం ఎల్‌స్ట్రీ స్టూడియో కార్ పార్కింగ్ స్థలంలో డేరా వేసుకుని చిత్రీకరణ పూర్తిచేసింది. ఆస్బెస్టాస్‌ను తీసేటప్పుడు గదిని ప్లాస్టిక్‌తో మూసేస్తారు. లోపలి గాలిని ఫిల్టర్ గుండా బయటికి లాగుతూ ఉంటారు. అలా చేస్తే ఎక్కడైనా చిల్లు ఉన్నా గాలి లోపలికే వస్తుంది, పోగు బయటికి పోదు. తడిపి, విరక్కుండా తీసి, రెండేసి సంచుల్లో కడతారు. మన షెడ్ల మీది సిమెంటు రేకుల్లోనూ ఉన్నది ఈ ఆస్బెస్టాసే. వాటిని గడ్డపారతో పొడిచి కింద పడేస్తుంటాం. ముక్కుకు రుమాలు కట్టుకుంటే అదే పెద్ద జాగ్రత్త.

ఇప్పుడు మిగిలింది ఖాళీ డబ్బా. అసలు ప్రమాదం ఇక్కడే. మామూలు ఇంట్లో గదుల మధ్య అడ్డగోడలుంటాయి, పైకప్పు తీసినా అవి ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి. స్టూడియోలో అడ్డగోడల్లేవు. మూడంతస్తుల ఎత్తు గోడ పైకప్పును మోసే ఇనుప ట్రస్సులను మోస్తోంది, ఆ ట్రస్సులే గోడను నిటారుగా పట్టుకున్నాయి. కప్పంతా ఒక్కసారి తీసేస్తే నాలుగు గోడలూ గాలికి ఊగే పలకలవుతాయి. అందుకని భవనాన్ని అడ్డంగా వరసలుగా విడగొడతారు. ఒక చివర ఒక వరస కప్పు, దాని కింది గోడ, దాని స్తంభాలు, ఈ మూడూ దిగాకే రెండో వరస. మిగిలిన భాగం ఎప్పుడు చూసినా కప్పుతో, గోడతో గట్టిగానే ఉంటుంది.

ట్రస్సును కోయడం ఇంకో విద్య. ముందు క్రేన్ తాళ్లు దాని బరువు అందుకోవాలి. కింది కమ్మీ లాగుడులో ఉంటుంది, గ్యాస్ కట్టర్ పెడితే తెగగానే విడిపోతుంది. పై కమ్మీ నొక్కుడులో ఉంటుంది, అది కోత దగ్గరే మూసుకుని పక్కకు తన్నుతుంది. ఎక్కడ బరువు క్రేన్‌కు మారింది, ఎక్కడ ఇంకా ఇనుములోనే ఉంది అన్నది చూసి కట్టర్ పట్టుకున్నవాడు చోటు ఎంచుకోవాలి. ఆఖరి కోతకు ముందు అందరూ పక్కకు తప్పుకుంటారు.

ఉంచాల్సిన భాగంతో కలిసే చోట సుత్తెకూ బ్రేకర్‌కూ పని లేదు, వాటి అదురు కాంక్రీటు గుండా అవతలికి పోతుంది. వజ్రపు పూసలు గుచ్చిన తీగను గోడ చుట్టూ తిప్పి, నీళ్లు పోస్తూ రంపంలా లాగి కోస్తారు. ఆ మధ్యలో చప్పుడు ఆపడానికి వదిలిన సందు ఏదైనా ఉంటే కూల్చేవాళ్లకు అంతకంటే కావలసిందేముంది! అక్కడ రెండు కట్టడాలూ ముందే విడిగా ఉన్నాయి. మైకు కోసం చేసిన ఏర్పాటు యంత్రానికి గీత గీసి పెట్టినట్టవుతుంది. గీత అవతల మాత్రం పొడవు చెయ్యి హిటాచీ వస్తుంది, బకెట్ బదులు దవడలు తగిలించుకుని. అది కాంక్రీటును కొట్టదు, నమిలి కింద పెడుతుంది. దుమ్ము లేవకుండా ఒక మనిషి నీళ్ల పైపు పట్టుకునే ఉంటాడు.

నేల ఆఖరు. కెమెరా బండి కదులుతుండగా తెరమీద బొమ్మ అదరకూడదు కనుక స్టూడియో నేలను మిల్లీమీటర్ల తేడా కూడా గమనించి చదును చేస్తారు. అంత నునుపు చేసిన నేల మీదే రోజంతా హిటాచీ గొలుసు చక్రాలు తిరుగుతాయి. అడుగున మందపాటి స్లాబు ఉంటే అది యంత్రం బరువు మోస్తుందో లేదో ముందే లెక్క కట్టుకుంటారు. కింద నేలమాళిగ ఉంటే జాకీలు పెట్టి దన్ను ఇస్తారు.

తెలుగువాళ్లకు ఇలాంటి స్టూడియో జ్ఞాపకం చెన్నై వడపళనిలో ఉంది. ‘మాయాబజార్’ తీసిన విజయా వాహినీ స్థలంలో 2013లో మాల్ తెరిచారు. టెలివిజన్ సెంటర్‌లో మిగిల్చిన మూడు స్టూడియోలు మాత్రం 2017లో మళ్లీ పనిలో పడ్డాయి. ఇప్పుడు వాటి పక్క గుండ్రటి భవనంలో ఫ్లాట్లున్నాయి, కొత్త ఇళ్లు లేచాయి. ట్యూబ్ రైలుతోపాటు ఇరుగుపొరుగు చప్పుళ్లనూ ఆ గోడలు కాయాలి.

తీసేసినవాటి సరుకు సంగతికొస్తే ఇనుము, రాగి తుక్కుకు పోయి కరిగి మళ్లీ వస్తాయి. రాక్‌వూల్ పాడైపోతుంది. ఇటుక దగ్గరే మన పాత ఇళ్లకూ వీటికీ తేడా. జహీరాబాద్ వైపు మట్టితోనో సున్నంతోనో కట్టిన ఎర్రరాతి గోడలో రాయి చెక్కుచెదరకుండా విడివడుతుంది, తట్టి దులిపి ఇంకో గోడలో పెట్టుకోవచ్చు. సిమెంటుతో కట్టిన ఇటుక అలా రాదు. పట్టు ఇటుక కన్నా గట్టిదవడంతో లాగితే ఇటుకే పగులుతుంది. దాన్ని కాంక్రీటుతో కలిపి క్రషర్‌కు పంపుతారు. మన హైదరాబాద్‌లోనూ జీడిమెట్లలో 2020లో రోజుకు 500 టన్నుల సామర్థ్యంతో ఇలాంటి కేంద్రం మొదలైంది. ఇనుప ముక్కల్ని అయస్కాంతం ఏరుకుంటుంది, మిగిలింది జల్లెడల మీద పరిమాణాల వారీగా విడిపోయి, రోడ్డు అడుగు పొరకూ ఫుట్‌పాత్ పలకలకూ లారీ ఎక్కుతుంది.