మూడా, నాలుగా?

సూరి భగవంతం (1909–1989) పేరెత్తగానే మనకు గుర్తొచ్చేవి పదవులు. రామన్ దగ్గర పనిచేసిన వాడు, ఉస్మానియా వైస్ ఛాన్సలర్, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. అన్నీ నిజాలే. కానీ ఈ వరుసంతా చదివాక కూడా ఆయన దేని గురించి ఆలోచించాడో తెలీదు. కవి గురించి రాస్తూ అవార్డులన్నీ చెప్పి, ఒక్క పద్యం గురించీ మాట్లాడకపోవడం లాంటిదే ఇది.

1966లో అకడమిక్ ప్రెస్ వేసిన ఆయన పుస్తకం 'క్రిస్టల్ సిమెట్రీ అండ్ ఫిజికల్ ప్రాపర్టీస్'. ఒక స్ఫటికానికి ఎలాంటి సౌష్టవం ఉందో తెలిస్తే, దాని గుణాన్ని వర్ణించడానికి ఎన్ని అంకెలు కావాలో గ్రూప్ థియరీతో తేల్చడం ఇందులో ప్రధాన విషయం. పొడిగా వినిపిస్తుంది. కానీ ఈ పద్ధతి వెనక ఒక అందమైన తగాదా ఉంది.

ముందు సౌష్టవం సంగతి. ఓరుగల్లు కోటలో నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలున్నాయి. మధ్యలో నిలబడి చూస్తే ఎటు తిరిగినా ఒకటే దృశ్యం అనిపిస్తుంది. కానీ ఉత్తర తోరణం నుంచి దక్షిణ తోరణానికి ఎంత దూరమో, తూర్పు నుంచి పడమరకీ అంతే ఉంటేనే, మొత్తం కట్టడాన్ని పావు చుట్టు తిప్పినా తేడా తెలీదు. ఆ దూరాలు వేరైతే, అర చుట్టు తిప్పినప్పుడే మళ్లీ మొదటిలా కనిపిస్తుంది. ఈ రెండింటికీ తేడా కంటికి ఆనదు, టేపు పట్టుకోవాలి.

స్ఫటికాల్లోనూ అంతే. పారదర్శకమైన స్ఫటికాన్ని నొక్కితే అందులోంచి వెళ్లే కాంతి తీరు మారుతుంది. దీన్ని ఫోటోఎలాస్టిక్ ప్రభావం అంటారు. దీనికి సిద్ధాంతం కట్టింది జర్మన్ శాస్త్రవేత్త పోకెల్స్. ఆయన లెక్కలో క్యూబిక్ స్ఫటికాలన్నిటికీ మూడు స్థిరాంకాలు చాలు. 1942లో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ప్రొఫెసర్‌గా ఉన్న భగవంతం ఇదే లెక్కను గ్రూప్ థియరీతో మళ్లీ వేశాడు. క్యూబిక్‌లో ఐదు తరగతులున్నాయి. మూడింటిలో పోకెల్స్ చెప్పిందే సరైంది. మిగిలిన రెండింటిలో ఘనం అంచు చుట్టూ పావు చుట్టు సౌష్టవం లేదు, అర చుట్టే ఉంది. అక్కడ నాలుగు కావాలి.

కాగితం మీద తగాదా ఇక్కడితో ఆగిపోవచ్చు. ఆగలేదు. బేరియం నైట్రేట్ ఆ రెండు తరగతుల్లో ఒకదానికి చెందిన స్ఫటికం. దాన్ని ఒక అంచు వెంబడి నొక్కాలి. మిగతా రెండు అంచుల దిశల్లో విడివిడిగా కాంతిని పంపి కొలవాలి. మూడే నిజమైతే రెండు కొలతలూ ఒకటే కావాలి. భగవంతం, సూర్యనారాయణ కలిసి 1940ల్లో కొలిచారు. ఒకటి కాలేదు.

'సిద్ధాంతం గెలిచింది' అని చప్పట్లు కొట్టి లేచిపోతే అసలు విషయం జారిపోతుంది. గ్రూప్ థియరీ చెప్పేది ఆ రెండు కొలతలూ వేరుగా ఉండొచ్చని మాత్రమే. ఎంత వేరో చెప్పదు, వేరుగా ఉండి తీరాలనీ అనదు. బేరియం నైట్రేట్‌లో అవి సమానమని తేలినా దానికి నష్టం లేదు. అంటే ఆ బల్ల మీద పణంగా పెట్టింది పోకెల్స్ లెక్కనే. మరి గ్రూప్ థియరీ తన మెడ ఎక్కడ చాచింది? మిగతా మూడు తరగతుల్లో. రాతి ఉప్పు, ఫ్లోరైట్ లాంటి వాటిలో ఆ రెండు కొలతలూ సమానంగా ఉండి తీరాలని అది ఖాయంగా అంటుంది. అక్కడ తేడా వస్తే, కొలతలో తప్పు లేకపోతే, ఆ స్ఫటికం సౌష్టవం మనం అనుకున్నదైనా కాదు, సిద్ధాంతంలోనైనా ఎక్కడో చిల్లు పడ్డట్టే. ఒక పద్ధతికి బలం అది అనుమతించే వాటిలో కన్నా నిషేధించే వాటిలోనే ఉంటుంది.

ఈ మాట సాహిత్య విమర్శకులకూ అవసరం. మనం వాడే సిద్ధాంతాలు, మార్క్సిజమైనా మనోవిశ్లేషణైనా, ప్రతి కథలోనూ తాము వెతికినదాన్నే దొరకబుచ్చుకుంటాయి. కథ ఒప్పుకుంటే రుజువు, ఒప్పుకోకపోతే 'వైరుధ్యం' అనే ఇంకో రుజువు. ఏ కథలో ఏది ఉండకూడదో ముందే చెప్పి, ఆ తర్వాత కథ తెరిచే విమర్శ ఎక్కడుంది? కథ బేరియం నైట్రేట్ కాదు, నిజమే. ఒకే కథను రెండు వైపుల నుంచి చదివితే రెండు కొలతలొస్తాయి, రెండూ సరైనవే కావచ్చు. అయినా ఏది ఎదురైతే తన వాదన వదులుకుంటాడో ఒక్క వాక్యంలో ముందే రాసిపెట్టే విమర్శకుణ్ణి నేను ఎక్కువ నమ్ముతాను.

భగవంతాన్ని తెలుగులో మళ్లీ చదవాలంటే పదవుల దగ్గర మొదలుపెట్టొద్దు. ఆ నాలుగో స్థిరాంకం దగ్గర మొదలుపెట్టండి. దాన్ని వివరించడానికి తెలుగు చాలదని ఎవరైనా అంటే, కోటలో తోరణాల మధ్యకి తీసుకెళ్లి ఒక టేపు చేతికివ్వండి.