దానమిచ్చిన ఆవు పళ్లు

ముందుమాట కోసం నా దగ్గరకొచ్చే పుస్తకాల్లో సగం, నేను చదవకుండా రాసినా రచయితలు ఏమీ అనుకోరు. ఇది ఆ కోవలోది కాదు. ఈ పుస్తకం రాసిన అమ్మాయి ఒకప్పుడు నా దగ్గర అర్థశాస్త్రం చదువుకుంది. ఆడిట్ ఉద్యోగం మీద బోట్స్‌వానా రాజధాని గాబరోన్ వెళ్లి, అక్కడి ఖాతా పుస్తకాలతో పాటు ఆ దేశాన్ని కూడా చదివింది. "మాస్టారూ, మెచ్చుకోవడం తర్వాత, ముందు తప్పులు పట్టండి" అంటూ రాతప్రతి పంపింది. పట్టాను. వాటి సంగతి చివర్లో చెబుతాను.

ఆఫ్రికాకు అందే విదేశీ సాయం గురించి మనవాళ్లు రాసేవి ఎక్కువగా రెండు రకాలు. పాపం, తిండికి లేనివాళ్లు అని జాలిపడేవి కొన్ని. సాయమంటేనే తెల్లవాడి కుట్ర అని తేల్చేసేవి మరికొన్ని. రెండింటిలోనూ కనిపించేది ఇచ్చినవాడే. తీసుకున్నవాడికి ఒక బుర్ర ఉందనీ, లెక్క ఉందనీ, వద్దనగల నోరు కూడా ఉందనీ ఎవరూ రాయరు. ఈ పుస్తకం మొత్తం ఆ నోటి గురించే.

1966 సెప్టెంబరు 30న స్వాతంత్ర్యం వచ్చేనాటికి బోట్స్‌వానా ఎలా ఉందో మొదటి అధ్యాయంలో ఉంది. విస్తీర్ణం చూస్తే మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా దానికి సగం రావు. జనం మాత్రం ఐదారు లక్షలు. దేశం మొత్తానికి తారు రోడ్డు 12 కిలోమీటర్లు, పట్టభద్రులు 22 మంది. అంతకు ముందటి దాకా బ్రిటిష్ అధికారులు ఈ దేశాన్ని సరిహద్దు అవతల, దక్షిణాఫ్రికాలోని మఫెకింగ్‌లో కూర్చుని పాలించేవారు. రాజధాని ఊరిని కూడా స్వాతంత్ర్యం ముంగిట కొత్తగా కట్టుకోవలసి వచ్చింది. పైగా కరువు. ప్రభుత్వం నడవడానికయ్యే ఖర్చులో సగం దాకా బ్రిటన్ ఇచ్చే గ్రాంటే.

అలాంటి ఇల్లు ఎవరు ఏమిచ్చినా కళ్లకద్దుకుని పుచ్చుకోవాలి కదా! మొదటి అధ్యక్షుడు సెరెట్సే ఖామా, ఆర్థిక వ్యవహారాలు చూసిన ఉపాధ్యక్షుడు క్వెట్ మసీరె ఆ పని చేయలేదు. దానమిచ్చిన ఆవుకు పళ్లు ఎంచకూడదంటారు మన పెద్దలు. పశువులే ఆస్తిగా బతికిన ఆ జనానికి ఎంచకుండా పుచ్చుకోవడం తెలియదు. జాతీయ ప్రణాళిక ముందు రాసుకున్నారు. అందులో లేని పనికి ఎంత డబ్బు వచ్చినా సరే, పార్లమెంటు ఒప్పుకుంటే తప్ప ముట్టుకోకూడదని నియమం పెట్టుకున్నారు. దాతలందరూ ఆర్థిక శాఖ గుమ్మం తొక్కి తీరాలి. ఒక్కో శాఖ మంత్రి దగ్గరకు విడివిడిగా వెళ్లి మంతనాలు సాగించే వీలు లేదు. ఆసుపత్రి కట్టిస్తామంటే, భవనం సరే, రేపు నర్సు జీతం, జీపు డీజిలు ఎవరి పద్దు అనేది అక్కడి మొదటి ప్రశ్న. పల్లెల మంచినీళ్ల పనిలో స్వీడన్, ఆరోగ్య కేంద్రాల పనిలో నార్వే, ఇలా ఎవరి పని వాళ్లకు అప్పగించారు. విదేశీ నిపుణులను సలహాదారుల కుర్చీల్లో కాక, ఖాళీగా ఉన్న ప్రభుత్వోద్యోగాల్లోనే కూర్చోబెట్టి పని చేయించుకున్నారు. ఖాతాలు చూసిన చేయి కాబట్టి ఈ అమ్మాయి ఈ అధ్యాయాన్ని బ్రహ్మాండంగా రాసింది. నేను రెండుసార్లు చదివాను.

వజ్రాలు దొరికాయి కాబట్టి బాగుపడ్డారు, ఇందులో గొప్పేముంది అని పెదవి విరిచేవాళ్లకు కూడా ఇందులో జవాబుంది. 1967లో ఒరాపాలో వజ్రాలు బయటపడిన నేల ఖామా సొంత తెగ బంగ్వాటోలది. గనుల హక్కులు తెగలవి కావు, రాజ్యానివి అని తేల్చి, తన తెగ హక్కునే ముందు వదిలించాడాయన. తర్వాత వజ్రాల కంపెనీ డీబీర్స్‌తో బేరమాడి గనుల కంపెనీలో సగం వాటా రాబట్టారు. వజ్రాలు అంగోలాలోనూ, సియెర్రా లియోన్‌లోనూ దొరికాయి, అక్కడ ఏం జరిగిందో అందరికీ తెలిసిందే. 1994లో ఐక్యరాజ్యసమితి అత్యంత వెనుకబడిన దేశాల జాబితా నుంచి బోట్స్‌వానా బయటపడింది. అలా బయటపడిన మొదటి దేశం అదే.

నాకు అన్నింటికన్నా నచ్చిన ఘట్టం మాత్రం విదేశీ డబ్బుతో జరిగింది కాదు. లెసోతో, స్వాజిలాండ్‌లతో ఉమ్మడిగా నడిచే విశ్వవిద్యాలయం నుంచి 1975లో లెసోతో తప్పుకుంది. సొంత విశ్వవిద్యాలయం కట్టుకోవలసి వచ్చి ప్రభుత్వం జనాన్ని అడిగింది. తలకో గొడ్డు ఇవ్వమని. ఆవులు తోలుకొచ్చి ఇచ్చినవాళ్లు ఇచ్చారు, లేనివాళ్లు ధాన్యం, కోడిగుడ్లు తెచ్చిపెట్టారు. ఇప్పుడా ఆవరణలో మనిషీ ఆవూ కలిసి ఉన్న కంచు విగ్రహం ఉంది. తన జేబులోంచి తీసినవాడికే అవతలివాడి జేబు దగ్గర మాట చెల్లుతుందని నా నమ్మకం. రచయిత్రి ఈ ఘట్టాన్ని అర పేజీలో ముగించేసింది. పది పేజీలు రాయదగ్గ సంగతి.

ఎయిడ్స్ అధ్యాయం దగ్గర పుస్తకం బరువెక్కుతుంది. మీరు బాగుపడ్డారు కదా అని దాతలు ఒక్కొక్కరే సర్దుకుని వెళుతున్న రోజుల్లోనే ఆ జబ్బు దేశాన్ని కమ్మేసింది. మా జాతే అంతరించిపోయేలా ఉందని 2001లో అధ్యక్షుడు ఫెస్టస్ మొగాయె ఐక్యరాజ్యసమితిలో నిలబడి చెప్పుకున్నాడు. గేట్స్ ఫౌండేషన్, మెర్క్ మందుల కంపెనీ చెరో ఐదు కోట్ల డాలర్లతో ముందుకొచ్చాయి, మెర్క్ తన మందులు కూడా ఉచితంగా ఇచ్చింది. 2002 జనవరిలో గాబరోన్‌లోని ప్రిన్సెస్ మెరీనా ఆసుపత్రిలో ఉచిత చికిత్స మొదలైంది. తీరా చూస్తే మందులున్నాయి, రాసిచ్చే డాక్టర్లు చాలరు, రక్తం పరీక్షించే ప్రయోగశాలలు చాలవు, అన్నిటికీ మించి పరీక్షకు జనం రారు. పేరు బయటపడుతుందన్న భయం. 2004 నుంచి, వద్దంటే తప్ప, ఆసుపత్రికి వచ్చిన ప్రతి ఒక్కరికీ మామూలు పరీక్షలతో పాటే ఇదీ చేయడం మొదలుపెట్టాక గాని బండి కదల్లేదు. ఈ పద్ధతి ఏ దాతా చెప్పింది కాదు. ఖర్చులోనూ ఎక్కువ భాగం ప్రభుత్వమే భరించింది. 2021లో, తల్లి నుంచి బిడ్డకు హెచ్.ఐ.వి. సోకకుండా ఆపే దారిలో బాగా ముందుకు వెళ్లినందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దేశానికి వెండి స్థాయి గుర్తింపునిచ్చింది. జబ్బు అంత తీవ్రంగా ఉన్న దేశాల్లో అది అందుకున్న మొదటి దేశం ఇదే. ఆఫ్రికాలో లక్షలమంది రోజూ వేసుకునే హెచ్.ఐ.వి. మాత్రల్లో హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీలవి ఎన్నో ఉన్నాయి. మనవాళ్లకు ఆ సంగతే తెలియదు.

ఆ 2021 నవంబరులోనే, హార్వర్డ్‌తో కలిసి నడిపే బోట్స్‌వానా ప్రయోగశాలలో సిఖులీలె మోయో బృందం కోవిడ్ కొత్త రకం ఒమిక్రాన్‌ను గుర్తించి లోకానికి చెప్పింది. వెంటనే ధనిక దేశాలు ఆ ప్రాంతం నుంచి వచ్చే విమానాలు ఆపేశాయి. రచయిత్రి ఈ ముక్క చెప్పి, వ్యాఖ్య చేయకుండా ముందుకు సాగింది. బాగుంది.

కజుంగులా వంతెన గురించి రాసిన పేజీలు చదువుతుంటే ఆ ఒడ్డున నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది. జాంబెజీ నది మీద బోట్స్‌వానాకు జాంబియాతో ఉన్న సరిహద్దు సుమారు 150 మీటర్లు, అంతే. అటు నమీబియా, ఇటు జింబాబ్వే. దక్షిణాఫ్రికా రేవుల నుంచి కాంగో రాగి గనుల దాకా వెళ్లే లారీలు ఇక్కడ పంటు కోసం రోజుల తరబడి బారులు తీరేవి. డ్రైవర్లు లారీల కిందే వండుకుని, లారీల కిందే పడుకునేవారు. జపాన్, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు అప్పులిచ్చాయి, కొరియా కంపెనీ కట్టింది. 2021 మేలో తెరిచిన ఆ 923 మీటర్ల వంతెన నది మధ్యలో వంపు తిరుగుతుంది. జింబాబ్వే నేల తగలకుండా ఉండాలని అలా వంచారు. రాజకీయం ఇనుమునూ కాంక్రీటునూ ఎలా వంచుతుందో ఇంజినీరింగ్ విద్యార్థులు ఈ పేజీల్లో చూడాలి.

ఇక తప్పులు. ఈ అమ్మాయికి ఆ దేశం మీద ప్రేమ ఎక్కువ. మధ్య కలహారి అభయారణ్యం నుంచి అక్కడి ఆదివాసులైన సాన్ జనాన్ని ఖాళీ చేయించిన చరిత్ర ఒక పేరాతో సరిపెట్టింది. వాళ్లను అలా తరిమేయడం అన్యాయమని 2006లో అక్కడి హైకోర్టే తీర్పిచ్చింది. తమ నేల మీద బోరు నీళ్లు వాడుకునే హక్కు కోసం వాళ్లు 2011 దాకా మళ్లీ కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చింది. వజ్రాల డబ్బుతో ఊరూరా నీళ్లిచ్చిన రాజ్యానికి ఇది మచ్చే. ఐరోపా మార్కెట్‌కు గొడ్డుమాంసం అమ్ముకోవడానికి గాలికుంటు రోగం అడ్డురాకుండా వేసిన కంచెల దగ్గర, నీళ్లకు పోయే దారి లేక అడవి జంతువులు వేలకు వేలు చచ్చిన సంగతి అసలు ఎత్తనేలేదు. మొరుపులే బి విద్యుత్కేంద్రం కథ ఉంది, మొహమాటంగా ఉంది. ప్రపంచ బ్యాంకు కూడా చేయివేసిన ఆ బొగ్గు కేంద్రాన్ని చైనా కంపెనీ కట్టింది. ఏళ్ల తరబడి అది చెడిపోతూ, బాగవుతూ, మళ్లీ చెడిపోతూ వచ్చింది. పళ్లు ఎంచే అలవాటు అప్పటికే సడలిందని సూటిగా రాయవలసింది.

చివరి అధ్యాయం మీద మా ఇద్దరికీ పేచీ తెగలేదు. ప్రయోగశాలల్లో చేసిన వజ్రాలు వచ్చి అసలు వజ్రాల ధర పడిపోయింది. 2025లో అమెరికా సాయంలో కోత పడింది. ఆ ఆగస్టులో, ఆసుపత్రుల్లో మందులు లేక అధ్యక్షుడు డూమా బోకో ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించి, మందుల పంపిణీ మీద సైన్యాన్ని కాపలా పెట్టవలసి వచ్చింది. ఆ దేశం ఇంతకన్నా గడ్డురోజులు చూసింది, మళ్లీ కూర్చుని లెక్క రాసుకుంటుంది అంటుంది ఈమె. 1966లో పోగొట్టుకోవడానికి ఏమీ లేదు కాబట్టి వద్దనగలిగారు, ఇప్పుడు జీతాలూ పెన్షన్లూ అలవాటైన దేశం అంత గట్టిగా వద్దనలేదు అంటాను నేను. రెండో ముద్రణ నాటికి ఆ అధ్యాయం తిరగరాయమన్నాను. "అప్పటికి మీరే మనసు మార్చుకుంటారు, చూడండి మాస్టారూ" అని జవాబు రాసింది. పుస్తకం వెనక ఇచ్చిన పట్టికలను పాఠకులు దాటవేయవద్దు, ఆమె వాదానికి బలమూ, నా వాదానికి బలమూ రెండూ అక్కడే ఉన్నాయి.